రిస్కున్న మెడికల్ ఐడియాకు కేంద్రం గ్రాంట్ తెచ్చుకోవడం ఎలా: వరంగల్ నుంచి అప్లై చేసేవాళ్ల కోసం

వరంగల్ పెద్దాసుపత్రి ఎంజీఎంలో డ్యూటీ చేసే డాక్టర్లు, కాకతీయ యూనివర్సిటీ ఫార్మసీ కాలేజీలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, నిట్‌లో సెన్సర్ల మీద పనిచేసే ఫ్యాకల్టీ, హన్మకొండ, కరీంనగర్ చుట్టుపక్కల ప్రైవేటు ఫార్మసీ కాలేజీల లెక్చరర్లు, వీళ్లలో చాలామంది దగ్గర నిజంగా కొత్త ఐడియాలు ఉంటాయి. చాయ్ తాగుతూ చెప్తుంటే బ్రహ్మాండంగా ఉంటుంది. అదే ఐడియా ప్రపోజల్‌గా మారి పోర్టల్‌లోకి ఎక్కేసరికి నీరుగారిపోతుంది. "రివ్యూయర్లు ఒప్పుకుంటారో లేదో" అన్న టెన్షన్‌లో కొత్తదనం ఉన్న ముక్క ఒక్కొక్కటీ తీసేస్తూ పోతారు, చివరికి మిగిలేది ఇంకెవరో పదేళ్ల కింద చేసేసిన పని.

రిస్కున్న పరిశోధనకు ఇచ్చే గ్రాంట్లలో ఈ జాగ్రత్త పనికిరాదు. అట్లాగని "మాది విప్లవాత్మకం" అని పేజీకి నాలుగుసార్లు రాసినా పనికిరాదు. ప్యానెల్ చూసేది ఒకటే: రిస్కు సైన్సులో ఉందా, మీ పనితీరులో ఉందా? ఐడియా తప్పు కావచ్చు, దానికి డబ్బులిస్తారు. జంతువుల పర్మిషన్ లేదు, శాంపిల్ ఇచ్చే డాక్టర్ ఎవరో తెలియదు, మెషిన్ ఎక్కడుందో తెలియదు అంటే మాత్రం పైసా రాదు. కింద రాసిందంతా ఈ రెండు రిస్కులనూ వేరు చేసే పనే.

మెట్టు 1: మీది నిజంగా కొత్త ఐడియానేనా, ముందు చూసుకోండి

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా పోదాం. ములుగు, ఏటూరునాగారం వైపు వానాకాలంలో పాము కాట్లు మామూలే. పొలంలో రక్తపింజర, నాగుపాము, రాత్రి కింద పడుకున్నవాళ్లను కట్లపాము. ఏటూరునాగారం నుంచి ఎంజీఎంకు దాదాపు 100 కిలోమీటర్లు. మన దగ్గరున్న మందు గుర్రాల నుంచి తీసే యాంటీవీనమ్, నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి ఒక్కటే. దాన్ని రక్తనాళంలోకి ఎక్కించాలి, రియాక్షన్ వస్తే చూసుకోవడానికి మనుషులు, మందులు దగ్గరుండాలి. ఆటోలో పోతూ పోతూ వేసుకునేది కాదు.

ఇప్పుడు మీ ఐడియా: ఊర్లోనే ఒక మాత్ర మింగిస్తే, విషంలోని ఎంజైములను అది పట్టి ఆపితే, దవాఖానకు చేరేదాకా టైమ్ దొరుకుతుంది కదా!

మంచి ఐడియా. కానీ ఒక పూట కూర్చుని వెతికితే వారెస్ప్లాడిబ్ అనే మందు బయటపడుతుంది. ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే విషపు ఎంజైమును ఆపే ఆ మందును నోటి ద్వారా ఇచ్చి మనుషుల మీద ట్రయల్ కూడా చేశారు, అదీ ఎక్కడో కాదు, అమెరికాతో పాటు మన దేశంలోనే. అనుకున్న ప్రధాన ఫలితం రాలేదు, అది వేరే సంగతి. మరిమాస్టాట్ అనే ఇంకో మందుతో కలిపి ఎలుకల్లో చూసినవాళ్లూ ఉన్నారు. అంటే మీ మాత్ర ఇక కొత్తది కాదు.

ఇక్కడ చాలామంది ఐడియాను వదిలేస్తారు, లేదా (ఇది ఇంకా ఘోరం) ఆ పేపర్లు చూడనట్టు నటిస్తూ ప్రపోజల్ రాస్తారు. ప్యానెల్‌లో కూర్చున్న టాక్సికాలజిస్టు ఆ పేపర్లు చదివే ఉంటాడు. చేయాల్సింది ఐడియాను ఇంకో అడుగు ముందుకు జరపడం. వారెస్ప్లాడిబ్ ఆపలేనిది ఏది? నాగుపాము విషంలో నరాలకూ కండరాలకూ మధ్య సంకేతాన్ని ఆపేసే త్రీ ఫింగర్ టాక్సిన్లు. అవి ఎంజైములు కావు కాబట్టి ఎంజైము మందులకు లొంగవు. 2025లో నేచర్ పత్రికలో, కంప్యూటర్ మీద కొత్తగా డిజైన్ చేసిన చిన్న ప్రోటీన్లు ఈ టాక్సిన్లను పట్టి ఎలుకలను కాపాడాయని పేపర్ వచ్చింది. అట్లాంటి ప్రోటీన్ నోట్లో వేస్తే కడుపులో అరిగిపోతుంది. మరి ముక్కులో స్ప్రే చేస్తే? నియోస్టిగ్మిన్‌ను పాము కాటుకు ముక్కు ద్వారా ఇచ్చి చూసినవాళ్లు ఉన్నారు, కానీ అది చిన్న అణువు. ప్రోటీన్ సంగతి వేరు. అంత పెద్ద అణువు ముక్కు పొర దాటి, చాలినంత మోతాదులో, చాలినంత త్వరగా రక్తంలోకి చేరుతుందా? ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

ఇది అసలైన రిస్కు. దాన్ని ఒక్క వాక్యంలో చెప్పగలిగాం చూశారా, మీ ఐడియాకూ అదే పరీక్ష పెట్టండి. "ఇది ఎందుకు ఫెయిల్ కావచ్చు" అన్నదానికి ఒక్క వాక్యంలో జవాబు రాకపోతే రెండే కారణాలు: ఐడియా మీకే సరిగ్గా తెలియదు, లేదా అందులో రిస్కే లేదు. ఫలానా ఆకు సారం తీసి, షుగర్ తెప్పించిన ఎలుకలకు పోసి, షుగర్ తగ్గిందని చూపించే ప్రాజెక్టులు రెండో రకం. ఎం.ఫార్మసీ థీసిస్‌కు అవి సరిపోతాయేమో, ఈ గ్రాంట్లకు కాదు.

వెతకడానికి మెడికల్ పేపర్లు దొరికే పబ్‌మెడ్ సైటు ఒక్కటే చాలదు. గూగుల్ పేటెంట్స్, అమెరికావాళ్ల క్లినికల్ ట్రయల్స్ సైటు, మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐ, ఇవన్నీ చూడండి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ నడిపే రిపోర్టర్ అనే డేటాబేస్ కూడా ఉచితమే. అమెరికా ప్రభుత్వం ఏ ఐడియాకు ఇప్పటికే డబ్బులిచ్చిందో సారాంశాలతో సహా అందులో ఉంటుంది. పేపర్ రాకముందే పోటీ ఎక్కడుందో తెలుస్తుంది.

మెట్టు 2: ఏ తలుపు తట్టాలి

కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2024లో "ఫస్ట్ ఇన్ ది వరల్డ్ ఛాలెంజ్" అని ఒకటి తెచ్చింది. పేరులోనే ఉంది: టీకా, మందు, పరీక్ష, చికిత్స పద్ధతి, ఏదైనా సరే ప్రపంచంలో మొదటిది అయ్యుండాలి. ఉన్నదాన్ని కొంచెం మెరుగుపరిచే పనులకు డబ్బులు ఇవ్వమని సూటిగా రాశారు. మన ముక్కు స్ప్రేకు సరిపోయే తలుపు ఇదే. ఇది కాక ఐసీఎంఆర్ మామూలు ఎక్స్‌ట్రామ్యూరల్ గ్రాంట్లు (బయటి సంస్థల పరిశోధకులకు ఇచ్చేవి) ఉంటాయి. రిస్కు కొంచెం తక్కువైతే, డేటా కొంచెం ఎక్కువుంటే అటు పోవచ్చు.

కంపెనీ పెట్టే ఆలోచన ఉంటే బైరాక్. బయోటెక్నాలజీ శాఖ 2012లో పెట్టిన సంస్థ ఇది. దీని బిగ్ (బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్) 18 నెలలకు 50 లక్షల దాకా ఇస్తుంది, ప్రూఫ్ ఆఫ్ కాన్సెప్ట్ దశకు, అంటే ఐడియా పనిచేస్తుందని మొదట చూపించే దశకు. ఏడాదికి రెండుసార్లు, జనవరి, జూలై మొదట్లో కాల్ (దరఖాస్తులకు పిలుపు) తెరవడం ఆనవాయితీ. హైదరాబాద్ శివార్లలో, శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో ఉన్న ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ఈ బిగ్ పథకాన్ని నడిపే భాగస్వాముల్లో ఒకటి. అప్లై చేసే ముందు వాళ్లు పెట్టే అవగాహన సమావేశాలకు వెళ్లండి, అక్కడ అడిగే పిచ్చి ప్రశ్నలకు కూడా ఓపికగా జవాబు చెప్తారు. మీరింకా విద్యార్థే అయితే బైరాక్‌లోనే సితారే పథకం ఉంది, అందులో 15 లక్షల దాకా ఇస్తారు. వరంగల్ పీహెచ్‌డీ స్కాలర్లకు దీని గురించి చాలామంది గైడ్లు చెప్పరు, ఎందుకో మరి.

ఇంజినీరింగ్, బేసిక్ సైన్స్ ఎక్కువగా ఉంటే కేంద్రం పెట్టిన జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఏఎన్‌ఆర్‌ఎఫ్. 2023లో చట్టం వచ్చి, గ్రాంట్లిచ్చే పాత బోర్డు సెర్బ్ ఇందులో కలిసిపోయింది కాబట్టి ఇప్పటికీ సెర్బ్ ఫారాలు ముందేసుకుని కూర్చున్నవాళ్లు ఉంటే పక్కన పెట్టేయండి. రెగ్యులర్ ఉద్యోగంలో కొత్తగా చేరిన, 42 ఏళ్లలోపు ఫ్యాకల్టీ అయితే ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంట్ చూడండి.

ప్రాజెక్టుకు కాకుండా మనిషికి డబ్బులిచ్చేది ఇండియా అలయన్స్. బయోటెక్నాలజీ శాఖ, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008 నుంచి నడుపుతున్నాయి, ఆఫీసు హైదరాబాద్‌లోనే. 2025 అక్టోబర్‌లో కేంద్ర క్యాబినెట్ దీని మూడో దశకు 1,500 కోట్లతో ఒప్పుకుంది, అందులో 1,000 కోట్లు మన ప్రభుత్వానివి, 500 కోట్లు వెల్‌కమ్‌వి. డాక్టర్లకు విడిగా క్లినికల్ ఫెలోషిప్పులు ఉన్నాయి.

అమెరికా ఎన్‌ఐహెచ్ దగ్గర హై రిస్క్, హై రివార్డ్ అని ప్రత్యేక ప్రోగ్రామే ఉంది. 2004లో పయనీర్ అవార్డుతో మొదలైంది, తర్వాత న్యూ ఇన్నోవేటర్, ట్రాన్స్‌ఫార్మేటివ్ రీసెర్చ్, ఎర్లీ ఇండిపెండెన్స్ వచ్చాయి. పయనీర్, న్యూ ఇన్నోవేటర్ లాంటివి అమెరికా సంస్థల్లో పనిచేసేవాళ్లకే, మనం ఇక్కడి నుంచి వేసేది లేదు. కానీ వాళ్ల నోటిఫికేషన్లు చదవడం దండగ కాదు. న్యూ ఇన్నోవేటర్‌లో ప్రిలిమినరీ డేటా తప్పనిసరి కాదని రాసి ఉంటుంది. మరి డేటా లేకుండా దేన్ని చూసి డబ్బులిస్తారు? సమస్య ఎంత పెద్దది, దారి ఎంత కొత్తది, మనిషి ఎలాంటివాడు. మన ప్యానెల్ సభ్యులు చాలామంది ఆ వ్యవస్థల్లో పనిచేసి వచ్చినవాళ్లే కాబట్టి కొలతలు కొంత కలుస్తాయి.

ఒక హెచ్చరిక: 2025లో ప్రకటించిన లక్ష కోట్ల ఆర్‌డీఐ పథకం గురించి చదివి ఆశపడకండి. అందులో ముఖ్యంగా ఉండేవి ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీ దీర్ఘకాలిక అప్పులు, పెట్టుబడులు. మన దశకు అది కాదు.

మెట్టు 3: కాల్ రాకముందే కాగితాలు

ఈ మెట్టు దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

మీది ప్రైవేటు కాలేజీ అయితే మొట్టమొదట చూసుకోవాల్సింది కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన శాఖ డీఎస్‌ఐఆర్ ఇచ్చే సిరో (పరిశోధన సంస్థ) గుర్తింపు ఉందా, దాని గడువు ఉందా అని. కేంద్ర ఏజెన్సీలు ప్రైవేటు సంస్థల్ని మామూలుగా అడిగేది ఇదే. లేకపోతే మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి ఇప్పుడే మొదలుపెట్టండి, కాల్ వచ్చాక మొదలుపెడితే అందదు. ఆలోపు వేరే దారి, గుర్తింపు ఉన్న ప్రభుత్వ సంస్థలోని వ్యక్తి ముఖ్య పరిశోధకుడిగా, మీరు సహ పరిశోధకుడిగా వేయడం.

ఎలుకలు, కుందేళ్లు వాడితే జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్‌ఈఏ రిజిస్ట్రేషన్ ఉన్న యానిమల్ హౌస్, అక్కడి జంతు నైతిక కమిటీ అనుమతి. మనుషుల శాంపిళ్లు వాడితే రిజిస్టరైన ఎథిక్స్ కమిటీ. జన్యుమార్పిడి బ్యాక్టీరియాలో ప్రోటీన్ తయారుచేస్తే సంస్థ బయోసేఫ్టీ కమిటీ. విదేశీ ల్యాబుతో కలిసి చేస్తే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ, విదేశీ డబ్బైతే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం). అన్నీ ముందే చేతిలో ఉండాలని ప్రతి కాల్ అడగదు. కానీ "అప్లై చేశాం, ఫలానా మీటింగ్‌లో ఉంది" అని రాసినా ప్యానెల్‌కు ధైర్యం వస్తుంది. మన కాలేజీల్లో ఈ కమిటీలు ఎప్పుడు కూర్చుంటాయో మీకు తెలిసిందే. బయటి సభ్యుడు రాక వాయిదా, కోరం లేక వాయిదా. అందుకే సెక్రటరీతో ముందే మాట్లాడి మీటింగ్ తేదీ కనుక్కుని, దాన్ని బట్టి వెనక్కి లెక్కేసుకోండి.

పాము ఉదాహరణలో ఇంకో చిక్కు ఉంది. విషం ఎక్కడి నుంచి తెస్తారు? ఊర్లో పాములు పట్టే అన్నను పిలిచి విషం తీయిస్తాం అంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద కేసవుతుంది, నాగుపాము, రక్తపింజర ఇప్పుడు షెడ్యూల్ ఒకటిలో ఉన్నాయి. చట్టబద్ధమైన దారి, తమిళనాడులో చెన్నై దగ్గర ఇరుల గిరిజనుల పాములు పట్టేవాళ్ల సహకార సంఘం లాంటి లైసెన్సున్న చోట కొనడం. 1978లో మొదలైన సంఘం అది, మన దేశపు యాంటీవీనమ్‌కు విషం ఎక్కువగా అక్కడిదే. అయితే ఒకే జాతి పాములోనూ ప్రాంతాన్ని బట్టి విషం మారుతుంది, తమిళనాడు విషం మీద పనిచేసింది ములుగు నాగుపాము మీద పనిచేయకపోవచ్చు. ఈ మాట మీరే ప్రపోజల్‌లో రాయండి. స్థానిక విషంతో పరీక్ష ఏ దశలో చేస్తారో, అటవీ శాఖ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఎప్పుడు అడుగుతారో టైమ్‌లైన్‌లో పెట్టండి. ఈ ఒక్క పేరాతో మీరు ఫీల్డ్ తెలిసినవాళ్లని అర్థమైపోతుంది. దేశంలోని జీవవనరుల మీద పేటెంట్ తీసుకునేటప్పుడు జీవవైవిధ్య చట్టం కూడా అడ్డొస్తుంది, దాన్నీ ఒక లైన్‌లో ప్రస్తావించండి.

మెట్టు 4: టీమ్

వరంగల్‌కు ఉన్న అసలు బలం ఇది, ఎవరూ సరిగ్గా వాడుకోరు. ఎంజీఎం, కాకతీయ మెడికల్ కాలేజీ, కేయూ ఫార్మసీ, నిట్, అన్నీ ఆటో దూరంలో. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కూడా ఇక్కడే. హైదరాబాద్‌లో ఇట్లాంటి నాలుగు సంస్థల మనుషుల్ని ఒక గదిలో కూర్చోబెట్టాలంటే సగం రోజు ట్రాఫిక్‌లోనే పోతుంది.

ఎంజీఎం డాక్టర్‌ను అడిగేటప్పుడు సూటిగా అడగండి. ఓపీ టైమ్‌లో వెళ్లి "సార్, మీ పేరు పెడతాం" అంటే ఆయన కూడా "సరే పెట్టండి" అంటాడు, అంతటితో అయిపోతుంది, ఇంటర్వ్యూలో ఆయన్ను ఏదైనా అడిగితే మొహమొహాలు చూసుకోవాలి. మధ్యాహ్నం రౌండ్లు అయ్యాక కూర్చుని ఏ కేసులు ఏ సీజన్‌లో వస్తాయి, కాటు వేసిన ఎంతసేపటికి చేరుతున్నారు, మధ్యలో ఎక్కడ ఆగుతున్నారు, నాటువైద్యం దగ్గరికి ఎందుకు పోతున్నారు అని అడిగి రాసుకోండి. ఎథిక్స్ అనుమతితో పాత కేస్ షీట్లు చూసి చేసే లెక్క, మీ ప్రపోజల్‌లో అందరికంటే బలమైన పేజీ అవుతుంది. ఐడియా ల్యాబులోనే పుట్టలేదని దానితో తెలుస్తుంది.

కంప్యూటర్ మీద ప్రోటీన్ డిజైన్ మనకు రాకపోతే వచ్చినవాళ్లను తెచ్చుకోండి. హైదరాబాద్ సీసీఎంబీ, ఐఐటీ, హెచ్‌సీయూలలో ఆ పని తెలిసినవాళ్లు దొరుకుతారు. ఒక ఈమెయిల్‌కు జవాబు రాకపోతే రెండోది పంపండి, అవమానమేం కాదు. ఒప్పుకున్నాక సంతకం చేసిన లెటర్ తీసుకోండి, అందులో "సహకరిస్తాను" అని కాకుండా ఏ పని, ఎన్ని శాంపిళ్లు, ఏ మెషిన్ మీద అని ఉండాలి.

మెట్టు 5: రాయడం

ముందు ఒక్క పేజీ. అది కుదిరాకే పోర్టల్ ఫారం తెరవండి. ఆ పేజీలో నాలుగు విషయాలు: జనం ఎందుకు చనిపోతున్నారు, ఇప్పుడున్న దారి ఎక్కడ ఆగిపోయింది, మీ దారి ఏంటి, అది తప్పని ఎంత త్వరగా తెలుసుకుంటారు.

చివరిది చదివి చాలామంది జంకుతారు. "మనమే ఫెయిలవుతుందని రాస్తే ఎవరిస్తారు?" అని. ఇస్తారు. నిజానికి దాన్ని చూసే ఇస్తారు. మన స్ప్రే ప్రాజెక్టులో మొదటి లక్ష్యం పాము విషంతో మొదలుకానక్కర్లేదు. ప్రోటీన్‌ను ఎలుక ముక్కులో వేసి, నిమిషాల లెక్కన రక్తం తీసి, ఎంత చేరిందో కొలవడమే. కేయూ ఫార్మసీలో ఇట్లాంటి ఫార్మకోకైనెటిక్స్ పని కొత్తేం కాదు. టాక్సిన్‌ను పట్టడానికి రక్తంలో ఎంత ప్రోటీన్ కావాలో ముందే లెక్కేసి, ఆ గీత రాయండి: "మూడు రకాల ఫార్ములేషన్లలో ఏదీ ఇంత సమయంలో ఇంత స్థాయికి చేరకపోతే ముక్కు దారిని ఆపేస్తాం, అదే ప్రోటీన్‌ను కండరంలోకి ఇచ్చే ఇంజెక్షన్ పెన్నుగా మారుస్తాం." ఇట్లా రాస్తే సర్కారు సొమ్ము మొత్తం మునగదని, మొదటి కొన్ని నెలల్లోనే సంగతి తేలుతుందని ప్యానెల్‌కు తెలుస్తుంది. పత్తి రైతు కొత్త విత్తనాన్ని మొదటి ఏడాది ఒక మడిలోనే వేసి చూస్తాడు కదా, అదే లెక్క.

రెండో లక్ష్యం, అంటే విషం నుంచి ఎలుకను కాపాడటం దగ్గర, తెలిసినవాళ్లకు మాత్రమే తెలిసే కిటుకు ఒకటి ఉంది. విషం, మందు ముందే ట్యూబులో కలిపి, ఆ మిశ్రమాన్ని ఎలుకకు ఇస్తే చాలా మందులు పనిచేసినట్టే కనిపిస్తాయి. నిజ జీవితంలో పాము ముందు కరుస్తుంది, మందు తర్వాత వస్తుంది. అందుకే విషం ముందు ఇచ్చి, కొంతసేపు ఆగి మందు ఇచ్చే రెస్క్యూ ప్రయోగమే అసలు పరీక్ష. మీ ప్రపోజల్‌లో మొదటి రకం ఒక్కటే ఉంటే రివ్యూయర్ ఎర్ర పెన్ను తీస్తాడు. రెండూ పెట్టండి, నిర్ణయం రెండోదాని మీదే అని రాయండి. మీ రంగం వేరే అయితే మీ రంగంలో ఇట్లాంటి "తేలికైన పరీక్ష, నిజమైన పరీక్ష" జంట తప్పకుండా ఉంటుంది. అదేంటో వెతికి పట్టుకోండి.

ప్రిలిమినరీ డేటా గురించి: ఫారంలో అవసరం లేదని ఉన్నా, మన దగ్గర ప్యానెల్ ఎవరో ఒకరు అడుగుతారు. పెద్ద డేటా అక్కర్లేదు. మీ రిస్కు వాక్యాన్ని తాకే ఒక్క చిన్న ప్రయోగం చాలు. ఏదో ఒక మార్కెట్ ప్రోటీన్‌ను మేక ముక్కు పొర ముక్క గుండా దాటించి చూసిన ఒక గ్రాఫ్, పది పేజీల సాహిత్య సమీక్ష కంటే ఎక్కువ పనిచేస్తుంది. ఆ కణజాలం కబేళాలో దొరుకుతుంది, ఖర్చూ తక్కువే.

భాష సంగతి. ప్యానెల్‌లో మీ సబ్జెక్టు తెలిసినవాళ్లు ఒకరో ఇద్దరో, మిగతావాళ్లు వేరే రంగాలవాళ్లు. మొదటి పేజీ మీ ఇంట్లో డిగ్రీ చదివిన తమ్ముడికి ఇచ్చి చదివించండి, ఎక్కడ ఆగాడో అక్కడ మార్చండి. "నావెల్", "పారడైమ్" లాంటి మాటలు ఎన్నున్నాయో లెక్కపెట్టి సగం కొట్టేయండి.

మెట్టు 6: బడ్జెట్

జేఆర్‌ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలోకు) 2023 జనవరి నుంచి నెలకు 37,000, దాని మీద హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం). హెచ్‌ఆర్‌ఏ శాతం సిటీ క్లాసును బట్టి మారుతుంది: వరంగల్ వై క్లాసు సిటీ, హైదరాబాద్ ఎక్స్ క్లాసు. హైదరాబాద్ స్నేహితుడి బడ్జెట్ కాపీ కొట్టి అదే శాతం వేస్తే దొరికిపోతారు. కొన్ని ఏజెన్సీలు ప్రాజెక్టు సిబ్బందికి వేరే పేర్లు, వేరే రేట్లు పెట్టుకున్నాయి కాబట్టి ఆ కాల్‌తో ఇచ్చిన పట్టికనే పట్టుకోండి.

పెద్ద మెషిన్ అడగాలన్న కోరిక అందరికీ ఉంటుంది, డిపార్ట్‌మెంట్ హెడ్‌కు ఇంకా ఎక్కువ. రిస్కున్న ప్రాజెక్టులో అది తప్పుడు సంకేతం, ఎందుకంటే మొదటి లక్ష్యం ఫెయిలైతే ఆ మెషిన్ ఏం చేయాలి? పక్క సంస్థలో ఉంటే గంటల లెక్కన వాడుకునే ఖర్చు పెట్టండి. కన్జ్యూమబుల్స్, జంతువులు, విషం, ప్రోటీన్ సింథసిస్, బయటి ల్యాబులో పరీక్షలు, వీటికి కొటేషన్లు తీసుకుని జతచేయండి. ప్రయాణ ఖర్చు మర్చిపోవద్దు, కాజీపేట నుంచి సికింద్రాబాద్ చౌకే కానీ ఢిల్లీ రివ్యూ మీటింగ్‌లు చౌక కాదు. ప్రతి ఖర్చూ ఏ లక్ష్యానికి సంబంధించిందో పక్కన రాయండి, మొదటి లక్ష్యం ఫెయిలైతే ఏ డబ్బు మిగిలిపోతుందో కూడా.

మెట్టు 7: పేటెంట్ ముందా, ప్రపోజల్ ముందా?

పేటెంట్ ముందు. కనీసం ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు). అది వేసిన 12 నెలల్లోపు పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వాలి. విద్యాసంస్థలకు, స్టార్టప్‌లకు ఫీజులో 80 శాతం తగ్గింపు ఉంది. చికిత్స చేసే పద్ధతికి మన చట్టంలో సెక్షన్ 3(ఐ) కింద పేటెంట్ రాదు, ప్రోటీన్‌కు, ఫార్ములేషన్‌కు అడగాలి. కాలేజీ సింపోజియంలో పోస్టర్ పెట్టి, సర్టిఫికెట్ తీసుకుని, ఆ తర్వాత పేటెంట్‌కు వెళ్తే ఆ పోస్టరే మీకు అడ్డమవుతుంది.

మెట్టు 8: సబ్మిట్

పోర్టల్ పని సగం రోజు అనుకోకండి. ఐసీఎంఆర్‌ది ఈపీఎంఎస్, బయోటెక్నాలజీ శాఖది ఈప్రోమిస్, బైరాక్‌కు, ఏఎన్‌ఆర్‌ఎఫ్‌కు విడివిడి పోర్టళ్లు. రిజిస్ట్రార్ సంతకం, ప్రిన్సిపాల్ ఎండార్స్‌మెంట్ వారం ముందే తీసుకోండి. చివరి రోజు సాయంత్రం సర్వర్ మీద నమ్మకం పెట్టుకోవద్దు, కరెంటు మీద అసలే వద్దు.

మెట్టు 9: ప్యానెల్ ముందు

స్లైడ్లు తక్కువ. మొదటి స్లైడ్ మీ కాలేజీ ఫొటో అయితే ఆ నిమిషం వేస్ట్. సమస్యతో మొదలుపెట్టి రెండో నిమిషంలో ఐడియా, మూడో నిమిషంలో అది ఎందుకు ఫెయిల్ కావచ్చో మీరే చెప్పండి. వాళ్లు అడగబోయే ప్రశ్న మీ నోటి నుంచే వస్తే గది వాతావరణం మారిపోతుంది. ఇక ఎప్పుడూ వచ్చే ప్రశ్నలు: ఇప్పటికే ఉన్నదానికంటే తేడా ఏంటి, ఇది ఊర్లో ఆశా కార్యకర్త దగ్గర ఎండాకాలం ఫ్రిజ్ లేకుండా నిలుస్తుందా, ఖరీదెంత పడొచ్చు, మీరే ఎందుకు చేయాలి. రెండోది చిన్నచూపు చూడకండి. రామగుండం ఎండలు తట్టుకోని ప్రోటీన్ మన జిల్లాలకు ఎందుకూ పనికిరాదు, నిల్వ పరీక్షను ప్రయోగాల్లోనే పెట్టుకోండి.

తెలియని ప్రశ్న వస్తే "తెలియదు, ఫలానా ప్రయోగంతో తెలుసుకుంటాం" చాలు. ప్యానెల్‌లోని పెద్దాయనతో వాదనకు దిగొద్దు, అట్లాగని ప్రతిదానికీ "యస్ సార్, మార్చేస్తాం సార్" అనీ అనొద్దు. మూల ఐడియాను అక్కడికక్కడే మార్చేసేవాళ్లకు ఐడియా మీద నమ్మకం లేదని అర్థం.

మెట్టు 10: డబ్బు వచ్చాక

శాంక్షన్ ఆర్డర్ చదవండి, పూర్తిగా. ఏ పద్దు నుంచి ఏ పద్దుకు మార్చుకోవచ్చో, ఎవరి అనుమతి కావాలో అందులోనే ఉంటుంది. కేంద్రం డబ్బు ఇప్పుడు పాతకాలంలాగా మొత్తం ఒకేసారి కాలేజీ ఖాతాలో పడి ఉండేది తక్కువ. పీఎఫ్‌ఎంఎస్ (కేంద్రం ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ), ట్రెజరీ సింగిల్ అకౌంట్ లాంటి పద్ధతుల్లో ఖర్చుకు తగ్గట్టు కదులుతుంది, కాబట్టి అకౌంట్స్ సెక్షన్‌లో ఆ పని తెలిసిన మనిషితో మొదటి వారమే కూర్చోండి. బిగ్ లాంటి పథకాల్లో మైలురాయి చేరితేనే తర్వాతి విడత.

మార్చి 31 తర్వాత యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు దేనికి వాడారో చెప్పే పత్రం) ఇవ్వాలి, జీఎఫ్‌ఆర్ 12-ఏ ఫారంలో, ఖర్చుల స్టేట్‌మెంట్‌తో సహా. వచ్చిన వడ్డీ కూడా చూపించి తిరిగి కట్టాలి. కొన్న పరికరాలు రిజిస్టర్‌లో ఎక్కించాలి, ప్రాజెక్టు అయిపోయినా వాటిని ఇష్టం వచ్చినట్టు అమ్మడానికి లేదు. సైన్సు బాగా జరిగి, సర్టిఫికెట్ ఆలస్యమై రెండో విడత ఆగిపోయిన ప్రాజెక్టులు ప్రతి క్యాంపస్‌లోనూ ఉంటాయి. స్కాలర్‌కు నెలల తరబడి జీతం రాదు, వాడు ఇంకో ఉద్యోగం చూసుకుని పోతాడు, ప్రయోగం చేయడం తెలిసిన మనిషి పోయాక డబ్బు వచ్చినా చేసేదేం ఉండదు.

ప్రోటీన్ ముక్కు దాటలేదనుకోండి. మీరు గీసుకున్న గీత దగ్గర ఆగి, ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు మెయిల్ రాయండి: ఏం కొలిచాం, ఎంత వచ్చింది, ముందే చెప్పినట్టు ఇంజెక్షన్ దారికి మారుతున్నాం, బడ్జెట్‌లో ఈ మార్పుకు అనుమతి కావాలి. సంవత్సరాంతపు రిపోర్టు దాకా దాచొద్దు. ఫెయిలైన డేటాను కూడా పేపర్‌గా వేయండి, రేపు ఇంకెక్కడో ఇదే ఐడియా వచ్చినవాళ్లకు అదే కావాలి.

అసలు మొదట్లోనే రిజెక్ట్ అయితే కామెంట్లు అడగండి. అవి రెండు రకాలు. "ప్రోటీన్ దాటదని మా అనుమానం" లాంటివి మంచి కామెంట్లు, రిస్కు వాళ్లకు సరిగ్గానే అర్థమైంది, ఆ ఒక్క ప్రయోగం చేసి తర్వాతి కాల్‌కు వేయండి. "విషం సోర్స్ చెప్పలేదు, జంతు అనుమతి లేదు, డాక్టర్ పాత్ర స్పష్టంగా లేదు" లాంటివి వస్తే ఐడియా జోలికి పోకండి, మూడో మెట్టుకు, నాలుగో మెట్టుకు వెళ్లి ఆ కాగితాలు పూర్తిచేసి, అదే ఐడియాను ఒక్క అక్షరం నీరుగార్చకుండా మళ్లీ పంపండి.